సర్వర్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాం, ఇంకా భయం ఉందా? ఉంది, ఎక్కడో చెబుతాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పేస్తాను. విశాఖ ద్వారకానగర్‌లో మీది కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు. మూలగదిలో ఒక ఉబుంటు సర్వర్, అందులో నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్). పార్టీల ఇన్‌వాయిస్‌లు, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీలు, కేవైసీ కాగితాలు అన్నీ దాన్లోనే. డిస్క్ మొత్తం లక్స్ అనే లినక్స్ సాధనంతో ఎన్‌క్రిప్ట్ చేశారు, బయటినుంచి వచ్చేవాళ్లు హెచ్‌టీటీపీఎస్ మీదే వస్తారు. పక్కనే ట్యాలీ నడిచే విండోస్ మెషిన్, దానికి రిమోట్ డెస్క్‌టాప్. స్టాఫ్ పద్నాలుగు మంది. కొందరు పోర్టులో, కొందరు గంగవరంలో, అకౌంట్స్ చూసే ఆవిడ మధురవాడలో ఇంటినుంచి. మొన్న లాగ్ తెరిచి చూస్తే ఒక్క రాత్రిలో వేలకొద్దీ ఫెయిల్డ్ లాగిన్లు. "అంతా ఎన్‌క్రిప్టెడ్ కదా, ఇంకా టెన్షన్ పడాలా? మనవాళ్లు తప్ప ఇంకెవరూ రాకుండా చేయడం ఎలా?" అని అడిగారు.

పడాలి. కాకపోతే మీరు భయపడుతున్న చోట కాదు.

ఆ ఫెయిల్డ్ లాగిన్లు మీ మీద పగబట్టి ఎవరో చేస్తున్నవి కావు. పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే అడ్రస్) ఉన్న ప్రతి మెషిన్ తలుపూ రాత్రింబవళ్లు ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. రూట్, అడ్మిన్, టెస్ట్ అని పేర్లు మార్చి మార్చి ప్రయత్నించే ప్రోగ్రాములవి. ఆర్కే బీచ్ ఎదురుగా ఇల్లు తీసుకుని అలల హోరు గురించి కంగారు పడితే ఎలా? ఫెయిలైనవాడు బయటే ఉన్నాడు. మీరు వెతకాల్సింది అదే లాగ్‌లో "యాక్సెప్టెడ్" అని ఉన్న లైన్లు. వాటిలో మీకు తెలియని ఐపీ ఒక్కటి ఉన్నా, లేదా మీ మనిషి పేరుతోనే తెల్లవారుజామున మూడింటికి లాగిన్ ఉన్నా, కింద నేను రాసేదంతా పక్కనపెట్టి ముందు నెట్ కేబుల్ పీకేయండి. మెషిన్ ఆపకండి, కేబుల్ మాత్రమే.

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ సంగతి. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిది మంది పొరబడేది ఇక్కడే. లక్స్ కాపాడేది ఆపేసి ఉన్న డిస్క్‌ని. ఎవడైనా సర్వర్ ఎత్తుకుపోయినా, పాడైన డిస్క్‌ని మీరు డాబాగార్డెన్స్‌లో రిపేరుకిచ్చినా లోపలి కాగితాలు వాడికి చిక్కవు. బాగానే ఉంది. కానీ సర్వర్ ఆన్ అయి, పాస్‌ఫ్రేజ్ కొట్టాక ఆ కీ మెమరీలో ఉంటుంది, ఫైళ్లన్నీ మామూలు ఫైళ్లే. మీ సర్వర్ ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంటుందిగా? అంటే బీరువాకి తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు. నెట్‌వర్క్ మీదుగా లోపలికొచ్చినవాడికి లక్స్ ఉందన్న సంగతి కూడా తెలియదు.

హెచ్‌టీటీపీఎస్‌ది ఇంకో పని. దారిలో ఎవరూ చూడకుండా, మార్చకుండా అది కాపాడుతుంది. వచ్చినవాడు ఎవడో దానికి పట్టదు. దొంగ పాస్‌వర్డ్ కొట్టినా అంతే గుట్టుగా చేరవేస్తుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థల నుంచి సర్టిఫికెట్ తీసుకోగానే మీ సర్వర్ పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లలోకి ఎక్కుతుంది. అవి అందరూ చూడగలిగేవి. "ఈ అడ్రస్ ఎవరికీ చెప్పలేదు, ఎవడికి తెలుస్తుంది" అనుకోవడానికి లేదు.

కాబట్టి మీ ప్రశ్నలో రెండో భాగమే అసలు ప్రశ్న. ఎవరు రావాలి, ఏ పరికరం నుంచి రావాలి, వద్దనుకున్న రోజు వాళ్లని ఎలా ఆపాలి.

ఈ రాత్రి చేయాల్సింది ఒకటుంది. మీ రౌటర్‌లో 3389 పోర్టు బయటికి తెరిచి ఉందని రాశారు. (ఇది ఓడల పోర్టు కాదు, నెట్‌వర్క్‌లో తలుపు నంబరు; రిమోట్ డెస్క్‌టాప్ ఈ నంబరు మీదే నడుస్తుంది.) మూసేయండి, రేపటికి వాయిదా వేయకండి. రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము) ముఠాలు చిన్న ఆఫీసుల్లోకి దూరడానికి ఎక్కువగా వాడే దారుల్లో ఈ రిమోట్ డెస్క్‌టాప్ ఒకటి. 2019లో వచ్చిన బ్లూకీప్ అనే లోపంతో అయితే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా పాత విండోస్‌లలోకి వెళ్లగలిగేవారు. 3389 బదులు 3390 పెట్టాం, ఎవడికి తెలుస్తుంది అనేవాళ్లున్నారు. స్కాన్ చేసే ప్రోగ్రాముకి 65,535 పోర్టులూ చూడటం పెద్ద పనేం కాదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి. సీసీ కెమెరాల డబ్బా దాని సాయంతో తనంతట తనే పోర్టు తెరుచుకుని కూర్చుంటుంది, మీకు చెప్పదు.

విండోస్ ఫైల్ షేరింగ్ 445 పోర్టు కూడా బయటికి ఉండకూడదు. 2017 మేలో వన్నాక్రై పాకింది దాని మీదుగానే. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి.

మూసినవి నిజంగా మూసుకున్నాయో లేదో ఆఫీసు వైఫై నుంచి చూస్తే తెలియదు. ఫోన్ డేటా ఆన్ చేసి బయటినుంచి చూడాలి. అప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి ఐపీవీ6, అంటే కొత్త తరహా ఐపీ అడ్రస్. మీ లైనుకి ఐపీవీ6 కూడా వస్తుంటే, పోర్ట్ ఫార్వర్డ్ లేకపోయినా సర్వర్ నేరుగా బయటికి కనిపించవచ్చు. ఫైర్‌వాల్ నియమాలు రెండింటికీ రాయాలి. రెండోది డాకర్, ప్రోగ్రాముల్ని కంటెయినర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్. మీ నెక్స్ట్‌క్లౌడ్ డాకర్‌లో నడుస్తుంటే, ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో మీరు "వద్దు" అని రాసిన పోర్టుని కూడా డాకర్ తన సొంత నియమాలతో తెరిచేస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ మాత్రం అంతా మూసి ఉన్నట్టే చూపిస్తుంది. ఈ దెబ్బ నేనే తిన్నాను. ఒక ఆఫీసులో డేటాబేస్ ఐదు నెలలు బయటికి తెరిచి ఉంది, అది పెట్టింది నేనే. కంటెయినర్ పోర్టుని 127.0.0.1కి, అంటే ఆ మెషిన్‌కి మాత్రమే, కట్టేస్తే ఆ బెడద పోతుంది.

ఇక మనవాళ్లు రావడం ఎలా? అందరికీ మొదట తట్టేది ఐపీ వైట్‌లిస్ట్, మన ఐపీలకే అనుమతి ఇద్దామని. మన దగ్గర అది నడవదు. మొబైల్ నెట్‌లో మీకంటూ ఒక ఐపీ ఉండదు. సీజీనాట్ అని, వేలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, అది కూడా మారుతూ ఉంటుంది. పోర్టులో మీ కుర్రాడికి అనుమతి ఇచ్చామనుకుని, ఆ టవర్ కింద ఉన్న ఎవరెవరికో ఇచ్చినట్టవుతుంది. సాయంత్రానికి మీ కుర్రాడికే రాదు. ఇంకో బ్రాంచిలో స్టాటిక్ ఐపీ ఉంటే దానికి ఒక్కదానికి వాడుకోండి, అంతవరకే.

నేను పెట్టమనేది వైర్‌గార్డ్, అంటే బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి గుట్టుగా సొరంగం వేసే వీపీఎన్. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి కెర్నెల్‌లోనే ఉంది. దాంట్లో నాకు నచ్చేది మౌనం. సరైన కీ లేని ప్యాకెట్‌కి అది అసలు జవాబే ఇవ్వదు. "పాస్‌వర్డ్ తప్పు" అని కూడా అనదు. స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. బయటికి తెరిచి ఉంచాల్సింది ఒకే ఒక్క యూడీపీ పోర్టు, అలవాటుగా వాడేది 51820. నెక్స్ట్‌క్లౌడ్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు కొట్టే దారి), రిమోట్ డెస్క్‌టాప్ అన్నీ దాని వెనక్కి వెళ్లిపోతాయి. మీ లాగ్‌లో ఆ వేల లైన్లు ఆ రోజుతో ఆగిపోతాయి.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే చాలామంది ఆలోచించరు. సర్వర్‌లోనే పెట్టేస్తారు. మీకది వద్దు, మీ డిస్క్ ఎన్‌క్రిప్టెడ్ కాబట్టే వద్దు. నా కథ ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక షిప్పింగ్ ఆఫీసుకి ఇలాగే లక్స్, సర్వర్‌లోనే వైర్‌గార్డ్ పెట్టి ఇచ్చాను. వర్షాకాలం, రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. కరెంటు తిరిగొచ్చాక సర్వర్ తనంతట తను లేచి, పాస్‌ఫ్రేజ్ అడిగే తెర దగ్గర ఆగిపోయింది. వైర్‌గార్డ్ ఆ తాళం లోపల ఉంది, నేను బయట ఉన్నాను. పొద్దున్న ఆరుకి వాళ్ల ఓడ బెర్త్ అవుతుంది, కాగితాలు కావాలి. సీతమ్మధార నుంచి వానలో బండి మీద వెళ్తే వాచ్‌మన్ టార్చి వేసి "ఏటి బాబూ, ఈ టయానికి?" అన్నాడు. ఎనిమిది అక్షరాలు కొట్టడానికి వచ్చానని ఎలా చెప్పను? (ఎనిమిది అక్షరాల పాస్‌ఫ్రేజ్ కూడా తప్పే. ఇప్పుడు ఆరేడు మాటల వాక్యం పెడుతున్నాను.) 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో కరెంటు ఎన్ని రోజులు లేదో మీకూ గుర్తుండే ఉంటుంది. ఎన్‌క్రిప్టెడ్ సర్వర్ పెట్టేవాడు కరెంటు గురించి కూడా ఆలోచించి తీరాలి.

అప్పటినుంచి వైర్‌గార్డ్‌ని రౌటర్‌లో పెడుతున్నాను. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో ఉంది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఉంది. అవి లేకపోతే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న డబ్బా చాలు. కరెంటు రాగానే అది లేస్తుంది, నేను ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వస్తాను. సర్వర్‌లో డ్రాప్‌బేర్ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్యాకేజీ ఉంటే, డిస్క్ తెరుచుకోకముందే అది చిన్న ఎస్‌ఎస్‌హెచ్ ఒకటి ఇస్తుంది. దాంట్లోకి వెళ్లి పాస్‌ఫ్రేజ్ కొడతాను. ఆ డ్రాప్‌బేర్ ఎన్‌క్రిప్ట్ కాని బూట్ భాగంలో ఉంటుంది కాబట్టి దాని హోస్ట్ కీ (సర్వర్ తన గుర్తింపుకి చూపించే కీ) వేరే ఉండాలి, అసలు ఎస్‌ఎస్‌హెచ్ కీనే అక్కడ కాపీ చేయకండి. దాని పోర్టుని బయటి ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి.

వైర్‌గార్డ్ కీల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం భద్రత అక్కడే ఉంది. కీ మనిషికొకటి కాదు, పరికరానికొకటి. అకౌంట్స్ ఆవిడకి ల్యాప్‌టాప్, ఫోన్ ఉంటే రెండు కీలు, రెండు ఐపీలు. ఫోన్ పోయిన రోజు రౌటర్‌లో ఆ ఒక్క పీర్ (ఆ పరికరం ఎంట్రీ) తీసేస్తే సరిపోతుంది, ఆవిడ ల్యాప్‌టాప్ మీద పని ఆగదు. ప్రైవేటు కీ ఆ పరికరంలోనే పుట్టాలి, పబ్లిక్ కీ ఒక్కటే మీ దగ్గరికి రావాలి. తేలికగా ఉంటుందని అడ్మిన్ దగ్గరే అన్నీ తయారుచేసి క్యూఆర్ కోడ్ చూపించే పద్ధతి ఒకటుంది. ఒకచోట ఆ క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, "అందరూ స్కాన్ చేసుకోండి" అని. ఆ గ్రూపులో అప్పటికే ఉద్యోగం మానేసినవాళ్లు ఇద్దరున్నారు. పైగా ఒకే కీ ఇద్దరు వాడితే కనెక్షన్ ఒకరి నుంచి ఒకరికి దూకుతూ ఉంటుంది. "నెట్ స్లో అండీ" అని ఫిర్యాదు వచ్చాకే నాకు ఈ గ్రూపు సంగతి తెలిసింది.

రౌటర్ వైపు ప్రతి పీర్‌కీ అలౌడ్ ఐపీస్‌లో ఆ పరికరం ఐపీ ఒక్కటే, చివర 32 పెట్టి రాయండి. స్టాఫ్ ఫోన్‌లో మాత్రం ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే రాయాలి, అన్నీ సున్నాలు కాదు. సున్నాలు పెడితే వాళ్ల యూట్యూబ్ కూడా మీ ఆఫీసు లైను మీదుగానే నడుస్తుంది. మొబైల్ నెట్ వెనక ఉన్నవాళ్లకి పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా పంపే పలకరింపు) 25 సెకన్లు పెట్టండి.

లోపలికి వచ్చాక కూడా అందరికీ అన్నీ వద్దు. ఐపీలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఫైర్‌వాల్ తేలిక. పోర్టులో తిరిగే కుర్రాళ్లకి నెక్స్ట్‌క్లౌడ్ 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్టు) చాలు. ట్యాలీ మెషిన్ 3389 అకౌంట్స్ వాళ్లకే. ఎస్‌ఎస్‌హెచ్ 22 మీకు, మీ తరువాత చూసుకునే ఇంకొకరికి. మొదటి నియమం "ఏదీ వద్దు", దాని మీద ఒక్కొక్కటే తెరుచుకుంటూ రావాలి. వైర్‌గార్డ్‌కి మనిషి తెలియదు, కీ మాత్రమే తెలుసు. తాళం తీసి ఉన్న ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీ స్టాఫ్. అందుకే నెక్స్ట్‌క్లౌడ్‌లో ఓటీపీ యాప్‌తో రెండో అంచె అలాగే ఉంచండి.

443 మూసేశాక ఒక చిక్కు వస్తుంది, మూడు నెలల తర్వాత. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు మామూలుగా 90 రోజులవి. వెబ్ మీదుగా రెన్యూ అయ్యేలా పెట్టి ఉంటే, బయటి తలుపు మూశాక రెన్యూ కాదు. ఒక రోజు పొద్దున్నే అందరి తెరమీదా హెచ్చరిక వస్తుంది, స్టాఫ్ దాన్ని నొక్కి దాటేయడం నేర్చుకుంటారు. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం కష్టం. ఇప్పుడే డీఎన్‌ఎస్ ఛాలెంజ్‌కి (డొమైన్ రికార్డులో రుజువు పెట్టే పద్ధతికి) మార్చేయండి.

పార్టీలు కూడా కాగితాలు అప్‌లోడ్ చేస్తారని ఒక మాట రాశారు. వాళ్లని వైర్‌గార్డ్ పెట్టుకోమనలేం. రోజూ పంపే నాలుగైదు పెద్ద పార్టీలకి క్లయింట్ సర్టిఫికెట్ (వచ్చినవాళ్లెవరో రుజువు చేసేది) ఇవ్వొచ్చు, కాకపోతే వాళ్లకోసం 443 బయటికి తెరవాల్సి వస్తుంది. మీ సొంత సీఏ (సర్టిఫికెట్లు సంతకం చేసే అథారిటీ) ఒకటి తయారుచేసి, దానితో ఒక్కో పార్టీకి ఒక్కో సర్టిఫికెట్ సంతకం చేసి, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్లయింట్ వెరిఫై ఆన్ చేస్తే, సర్టిఫికెట్ లేని బ్రౌజర్‌కి లాగిన్ పేజీ కూడా కనిపించదు. ఆ సీఏ కీని సర్వర్‌లో ఉంచకండి, పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. గడువు ఏడాది. మధ్యలో రద్దు చేయడానికి సీఆర్‌ఎల్ (రద్దైన సర్టిఫికెట్ల జాబితా) ఫైలు మొదటిరోజే పెట్టి, ఒక ఉత్తుత్తి సర్టిఫికెట్ రద్దు చేసి పనిచేస్తుందో లేదో చూడండి. రద్దు చేయడం రాని సర్టిఫికెట్ పద్ధతి కంటే పాస్‌వర్డే నయం. నెలకోసారి వచ్చే పార్టీలకి ఇంత అక్కర్లేదు. వాళ్లకి బయట ఒక చిన్న క్లౌడ్ మెషిన్ తీసుకుని, అప్‌లోడ్ తప్ప ఇంకేం లేకుండా పెట్టండి. మీ సర్వర్ దాని దగ్గరికి వెళ్లి ఫైళ్లు తెచ్చుకోవాలి, అది మీ సర్వర్ దగ్గరికి రాకూడదు.

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, ఈడీ25519 రకం కీ మాత్రమే ఉంచండి, రూట్ లాగిన్ వద్దు. ఇది అందరూ చెప్పేదే. చెప్పనిది ఏమిటంటే, ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైల్లో ఒకే ఆప్షన్ రెండుచోట్ల ఉంటే మొదట చదివినదే చెల్లుతుంది. ఉబుంటులో పక్కన ఉండే ఫోల్డర్‌లోని క్లౌడ్ ఇనిట్ ఫైలు ముందే చదవబడి, పాస్‌వర్డ్‌కి "ఎస్" అని ఉంటే, మీరు కింద "నో" అని ఎంత రాసినా లాభం లేదు. సర్వర్‌లో నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రాముకి పెద్ద టీ (-T) ఆప్షన్ ఇస్తే అసలు అమల్లో ఉన్నవి చూపిస్తుంది, దాన్నే నమ్మండి. మార్పులు చేసేటప్పుడు ఇంకో సెషన్ తెరిచే ఉంచండి.

కీ పెట్టాం కదా, ఎస్‌ఎస్‌హెచ్ బయటికి ఉంటే ఏం అంటారు కొందరు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి రానిచ్చే దొంగదారి బయటపడింది, ఆ జులైలోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్‌కి ముందే దెబ్బతీసే లోపం బయటికొచ్చింది. ఆ రెండు వారాలూ నేను ప్రశాంతంగా నిద్రపోయాను, ఎందుకంటే నా 22 వైర్‌గార్డ్ వెనక ఉంది. అప్‌డేట్లు తీరిగ్గా చేసుకున్నాను. అలా అని అప్‌డేట్లు మానకండి, తనంతట తనే అప్‌డేట్ చేసుకునే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఆన్ చేసి పెట్టండి. ఫెయిల్‌టుబ్యాన్ (పదేపదే తప్పు లాగిన్ కొట్టే ఐపీలని ఆపేది) గురించి అడిగారు. ఇదంతా అయ్యాక దానికి పెద్దగా పని ఉండదు.

లక్స్ హెడర్‌ని బ్యాకప్ తీసుకున్నారా? డిస్క్ మొదట్లో ఉండే ఆ కొద్ది భాగం చెడిపోతే పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా డేటా రాదు. క్రిప్ట్‌సెటప్‌లో హెడర్ బ్యాకప్‌కి కమాండ్ ఉంది, తీసి వేరేచోట దాచండి. పాస్‌ఫ్రేజ్ కాగితం మీద రాసి, కవరు అంటించి మీ యజమాని లాకర్‌లో పెట్టించండి. మీరొక్కరే తెలిసినవారైతే అది భద్రత కాదు.

రాన్‌సమ్‌వేర్‌కి మీ ఎన్‌క్రిప్షన్ అడ్డే కాదు, తాళం వేసినదాని మీద ఇంకో తాళం వేసి పోతుంది. అప్పుడు దిక్కు బ్యాకపే, కాబట్టి బ్యాకప్ మెషినే వచ్చి సర్వర్ నుంచి లాక్కోవాలి. సర్వర్ దగ్గర బ్యాకప్ పాస్‌వర్డ్ ఉంటే, సర్వర్‌లోకి దూరినవాడు బ్యాకప్‌నీ చెరిపేస్తాడు. నెలకోసారి ఒక ఫైలు తిరిగి తెచ్చి తెరిచి చూడండి. మన ఉప్పుగాలికి డిస్క్ కనెక్టర్లు తుప్పు పట్టడం చూశాను కాబట్టి రెండో కాపీ బీచ్ వైపు కిటికీ పక్కన పెట్టకండి.

లాగ్‌లు ఇంకో మెషిన్‌కి పంపుతూ 180 రోజులు ఉంచండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఇది ఉంది. ఏదైనా జరిగితే తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి చెప్పాలని కూడా ఉంది. డబ్బు పోయిన కేసైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

మొదలుపెట్టే ముందు రౌటర్ సెట్టింగులు తెరిచి వాన్ (బయటి లైను వైపు) అడ్రస్ చూసి ఇక్కడ రాయండి, మొదటి రెండు అంకెల గుంపులు చాలు, మొత్తం వద్దు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీ ఆఫీసు లైనే సీజీనాట్ వెనక ఉన్నట్టు. అయితే 3389 బయటినుంచి ఎలా వస్తోందన్నది ఇంకో ప్రశ్న, ఎవరైనా ఎనీడెస్క్ లాంటి రిమోట్ ప్రోగ్రాము పెట్టి వదిలేశారేమో ఆ విండోస్‌లో చూడండి. అప్పుడు కొంత అదనం కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా బయట ఒక చిన్న క్లౌడ్ మెషిన్ మధ్యలో పెట్టి రౌటర్‌నే దానికి డయల్ చేయించాలి. ఆ రెండో పద్ధతికి కాన్ఫిగ్ కాస్త తేడాగా ఉంటుంది. మీ అడ్రస్ చూశాక రాస్తాను.